జీతం రాయని గ్రాంటు



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ సారును పొగిడి మొదలుపెట్టను. బతికున్నన్నాళ్లూ ఆయన సన్మానాలంటే తప్పించుకునే తిరిగారు. ఆయన బడిపంతులు. బడి విడిచాక చేసే రెండో ఉద్యోగం అర్జీలు రాయడం. సంతకం వచ్చినవాళ్లు సంతకం పెట్టేవారు, రానివాళ్లు వేలిముద్ర వేసేవారు. ఆ అర్జీల్లో జనం అడిగేది చాలావరకు మనిషిని. రాత్రిపూట ఉండే నర్సమ్మ కావాలి, లెక్కల పంతులు కావాలి, బోరు మోటారు కాలిపోతే వెంటనే వచ్చి చూసేవాడు కావాలి. నెలలు గడిచాక, అదృష్టం బాగుంటే, మంజూరయ్యేది గది. సబ్‌సెంటరుకు భవనం, బడికి అదనపు తరగతి గది, ఊరికి ఓ ట్యాంకు. మనిషిని అడిగితే గోడలు రావడమేమిటన్నది నేటి నా విషయం. వినడానికి చిన్న సంగతి. బొగ్గు ఊళ్ల రాబోయే ముప్పై ఏళ్లు దీని మీదే ఆధారపడి ఉన్నాయని నా నమ్మకం.

ముందు ఒక మాట తేల్చుకుందాం. ఈమధ్య ఎక్కడ చూసినా సదస్సులు. బొగ్గు నుంచి సౌరశక్తికి మారాలి, ఆ మార్పులో కార్మికులకు అన్యాయం జరగకూడదు అని. 2021 నవంబరులో గ్లాస్గోలో మన ప్రధాని 2070 కల్లా దేశాన్ని నికర సున్నా ఉద్గారాలకు తెస్తామని ప్రకటించాక ఆ మాటలు మరీ పెరిగాయి. మంచిదే. కానీ ఆ సదస్సుల్లో మార్పు ఇంకా రావలసిన అతిథి అన్నట్టు మాట్లాడతారు. మన కోల్‌బెల్ట్‌కు అది ఒకసారి వచ్చి వెళ్లింది.

1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టడం, 1886లో ఇంగ్లండులో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకాల హక్కులు తీసుకోవడం, 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ ఏర్పడటం, 1945లో నిజాం సర్కారు వాటాలు కొనడం మీకు నోటికొచ్చిన కథే. తర్వాతి అంకెలు చూడండి. 1990-91లో సింగరేణిలో పనిచేసినవారు దాదాపు 1 లక్ష 16 వేల మంది. ఆ ఏడాది తీసిన బొగ్గు 1 కోటి 80 లక్షల టన్నులకు అటూ ఇటూ. 2023-24లో తీసింది 7 కోట్ల టన్నులు. ఈరోజు కంపెనీ రోల్స్‌లో ఉన్నది దాదాపు 40 వేల మంది. బొగ్గు నాలుగింతలకు దగ్గరైంది, కార్మికులు మూడోవంతుకు వచ్చారు. తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తడం పోయి, దాన్ని ఎత్తిపోసే ఎస్‌డీఎల్ యంత్రాలొచ్చాయి, భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులొచ్చాయి. 1990ల్లో కంపెనీ ఖాయిలా పరిశ్రమల బోర్డు బీఐఎఫ్‌ఆర్ మెట్లెక్కింది. స్వచ్ఛంద పదవీ విరమణ అన్నారు, గోల్డెన్ షేక్‌హ్యాండ్ అన్నారు. డెబ్బై వేలకు పైగా ఉద్యోగాలు మాయమైన ఈ ప్రక్రియకు ఎవరూ పరివర్తన అని పేరు పెట్టలేదు. పేరు పెట్టలేదు గనుక దానికి నిధీ లేదు, ప్రణాళికా లేదు.

గనులు మూతపడ్డ బెల్లంపల్లి చూసినవారికి దీని అర్థం విడమరచనక్కర్లేదు. గని మూతపడితే జీతం ఒక్కటే పోదు. జీతం పోయినవాడికి కాస్తో కూస్తో పరిహారం చేతికందుతుంది. జీతంతోపాటు పోయేవి వేరే ఉన్నాయి. కంపెనీ నీళ్లు, కంపెనీ కరెంటు, కంపెనీ దవాఖాన, కంపెనీ బడి, కంపెనీ క్లబ్బులో పిల్లల ఆటలు. వీటిని నడిపించే ఉద్యోగులు బదిలీ మీద కొత్త గని దగ్గరికి వెళ్లిపోతారు. గనిలో ఏనాడూ దిగని కూరగాయల అమ్మ, టీకొట్టు అన్న, క్వార్టర్లలో పాచిపని చేసే మనిషి, వీళ్లెవరూ ఏ జాబితాలోనూ ఉండరు. ఊరి సేవలన్నీ ఒకే సంస్థ చేతిలో ఉన్నప్పుడు ఆ సంస్థ ఒక మైలు అవతలికి జరిగినా ఊరు అనాథవుతుంది. కాంట్రాక్టు కార్మికుడి సంగతి ఇంకా విచిత్రం. అతను గని ఉన్నప్పుడూ సగమే లెక్కలో ఉంటాడు.

2015 దాకా గని ఊళ్ల కోసమంటూ డబ్బు లేదు. ఆ ఏడాది గనుల, ఖనిజాల చట్టాన్ని సవరించి 9బి అనే సెక్షను చేర్చారు. ప్రతి గనుల జిల్లాలో లాభాపేక్ష లేని ఒక ట్రస్టు ఉండాలి. అదే జిల్లా ఖనిజ నిధి ట్రస్టు, మనం డీఎంఎఫ్‌టీ అంటున్నది. 2015 జనవరి 12కు ముందు లీజు పొందిన గని తన రాయల్టీలో 30 శాతం, ఆ తర్వాత వేలంలో పొందినదైతే 10 శాతం దీనికి కట్టాలి. బొగ్గు మీద రాయల్టీ విలువలో 14 శాతం. అంటే పాత లీజులో వెయ్యి రూపాయల బొగ్గు అమ్మితే 140 రాయల్టీకి, దాని మీద మరో 42 రూపాయలు జిల్లా ట్రస్టుకు. దేశమంతా కలిపి ఈ ట్రస్టుల్లో చేరిన మొత్తం 2024 నాటికి లక్ష కోట్ల దరిదాపుల్లో ఉంది. గ్రాంట్ల చరిత్రలో ఇలాంటి డబ్బు అరుదు. ఇది ఢిల్లీ దయ కాదు, హైదరాబాద్ బడ్జెట్ కేటాయింపూ కాదు. మార్చి 31 అర్ధరాత్రి మురిగిపోదు. ట్రస్టు సొమ్ము గనుక పదేళ్లయినా వేచి ఉండగలదు.

అంత ఓపిక ఉన్న డబ్బుతో మనం ఏం చేశాం? సీసీ రోడ్లు, డ్రైనేజీలు, ప్రహరీ గోడలు, కమ్యూనిటీ హాళ్లు. 2015 సెప్టెంబరులో వచ్చిన ప్రధానమంత్రి ఖనిజ క్షేత్ర కల్యాణ యోజన మార్గదర్శకాలు కనీసం 60 శాతం తాగునీరు, వైద్యం, చదువు, స్త్రీ శిశు సంక్షేమం, వృద్ధులు, వికలాంగులు, నైపుణ్య శిక్షణ వంటి వాటికే పెట్టాలన్నాయి. 2024 సవరణలో దాన్ని 70 శాతానికి పెంచారు. కాగితం మీద ఇది మంచి నియమం. కానీ వైద్యం అనే పద్దు కింద ఆసుపత్రికి మరో అంతస్తు వేయవచ్చు, చదువు అనే పద్దు కింద ప్రహరీ కట్టవచ్చు. శాతం నెరవేరుతుంది, నర్సమ్మ మాత్రం రాదు. రాజకీయ నాయకుల దురాశ ఒక్కటే దీనికి కారణమని నేననుకోను. గ్రాంటు అనే యంత్రం తయారైందే అట్లా.

ఒక కలెక్టరు కుర్చీలో మీరున్నారనుకోండి. భవనానికి అంచనా తయారవుతుంది, టెండరు పిలుస్తారు, కొలతల పుస్తకం ఎంబీ రికార్డవుతుంది, బిల్లు పాసవుతుంది, వినియోగ ధ్రువపత్రం అంటే మనవాళ్ల మాటలో యూసీ పంపితే ఫైలు మూసుకుపోతుంది. నర్సు జీతానికి అట్లా మూసుకునే రోజు లేదు. ఈ ఏడాది ఇస్తే వచ్చే ఏడాదీ ఇవ్వాలి. ఆమె ప్రసూతి సెలవు పెడితే ఇంకొకరిని వెతకాలి. మూడేళ్లు చేశాక రెగ్యులర్ చేయమని కోర్టుకెళ్తే ఆడిట్ అభ్యంతరం మీ మెడకు చుట్టుకుంటుంది, అప్పటికి మీరు ఇంకో జిల్లాలో ఉంటారు. ఈ భయం నియమాల్లోకే ఎక్కింది. పదిహేనో ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతాన్ని నీళ్లకూ పారిశుధ్యానికీ ముడిపెట్టింది. ముడి లేని మిగతా 40 శాతాన్ని ఊరి అవసరాలకు ఇష్టమొచ్చినట్టు వాడుకోమంది, జీతాలకూ ఎస్టాబ్లిష్‌మెంట్ ఖర్చులకూ తప్ప. ఆ ఒక్క మినహాయింపులో సారు రాసిన అర్జీలన్నీ కొట్టుకుపోయాయి.

ఇక మార్చి హడావిడి సంగతి సర్కారుకే తెలుసు. చివరి మూడు నెలల్లో బడ్జెట్‌లో 33 శాతానికి మించి, ఒక్క మార్చిలో 15 శాతానికి మించి ఖర్చు పెట్టవద్దని కేంద్ర ఆర్థిక శాఖ ఆంక్ష పెట్టుకుంది. ఆంక్ష అవసరమైందంటేనే అలవాటు ఎంత బలంగా ఉందో చూడండి. ఆఖరి వారంలో డబ్బు ఖర్చు కావాలంటే సిమెంటుకు మించిన స్నేహితుడు లేడు.

బయట దేశాల్లో ఎట్లా చేశారో రెండు చోట్లు చెబుతాను. రెండిటిలోనూ మనకు పనికొచ్చేవీ ఉన్నాయి, జాగ్రత్తపడాల్సినవీ ఉన్నాయి.

ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం. మెల్‌బోర్న్‌కు తూర్పున లాట్రోబ్ లోయ. అక్కడ తవ్వేది లిగ్నైటు, దాంతో నడిచిన పెద్ద విద్యుత్ కేంద్రాల్లో ఒకటి 1,600 మెగావాట్ల హేజెల్‌వుడ్. 1990ల్లో ఆ రాష్ట్రం తన విద్యుత్ సంస్థను ముక్కలు చేసి ప్రైవేటుకు అమ్మినప్పుడు లోయలో వేలాది ఉద్యోగాలు పోయాయి. మన గోల్డెన్ షేక్‌హ్యాండ్‌కు సమకాలీన కథే. అప్పుడు ఆ కుటుంబాలను పట్టించుకున్నవారు లేరు. 2014లో హేజెల్‌వుడ్ గనిలో మంటలు చెలరేగి 45 రోజులు ఆరలేదు. పక్కనున్న మోర్వెల్ పట్టణం పొగ పీల్చింది. ఆ మీదట 2016 నవంబరు 3న యాజమాన్య సంస్థ ఎంజీ ఒక ప్రకటన చేసింది. మార్చి ఆఖరుకు కేంద్రం మూసేస్తాం అని. నోటీసు అయిదు నెలలు. నేరుగా ఉద్యోగాలు కోల్పోయేవారు కాంట్రాక్టు వారితో కలిపి దాదాపు 750 మంది.

రాష్ట్ర ప్రభుత్వం అదే నెలలో లాట్రోబ్ వ్యాలీ అథారిటీ పెట్టింది. 26.6 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల ప్యాకేజీ ప్రకటించింది. ఆ ప్యాకేజీలో నాకు నచ్చింది 2 కోట్ల డాలర్ల చిన్న పద్దు. చుట్టుపక్కల మిగిలిన విద్యుత్ కేంద్రాల్లో పదవీ విరమణకు దగ్గరైనవారిని ముందుగా గౌరవంగా పంపించి, ఆ ఖాళీల్లోకి హేజెల్‌వుడ్ కార్మికులను తీసుకోవాలి. ఖర్చు ప్రభుత్వం, కంపెనీలు పంచుకోవాలి. 150 మందికి అనుకున్నారు, అంతమందికి కుదరలేదు. అయినా ఆలోచన ఎంత సూటిగా ఉందో చూడండి. కొత్త పరిశ్రమ వస్తుందని ఎదురుచూడమనలేదు, ఉన్న పనినే వయసు లెక్కన సర్దారు. ఇంకో మంచి పని, సహాయ కేంద్రం తలుపు గని ఉద్యోగికే కాక అతని భార్యకూ, ఆ కేంద్రానికి సరుకులు పంపే చిన్న వర్క్‌షాపు మనిషికీ తెరిచారు.

అదే ప్యాకేజీలో ఆటస్థలాలు, క్లబ్బు భవనాలు, ట్రారల్గన్ పట్టణంలో 5.7 కోట్ల డాలర్ల ఈతకొలను కూడా ఉన్నాయి. కొలను 2021లో తెరిచారు. భూగర్భంలోని వేడినీటితో దాన్ని వెచ్చగా ఉంచుతారు. ఉద్యోగాలు పోయినచోట ఈతకొలనా అని వెక్కిరించినవాళ్లున్నారు. నేను వాళ్లతో పూర్తిగా ఏకీభవించను. పనిలేని మొగవాడు పొద్దస్తమానం ఇంట్లో కూర్చుంటే ఆ ఇల్లేమవుతుందో ఈ సభలోని ఆడవాళ్లకు తెలుసు. నలుగురు కలిసే చోటు ఉండటం కూడా ప్రజాసేవే. కొలనుతో పేచీ లేదు, నా పేచీ కాలంతో. అదే లోయలోని యలోర్న్ విద్యుత్ కేంద్రం 2028లో మూతపడాల్సి ఉంది, లాయ్ యాంగ్-ఎ 2035లో. వీటి కోసం పనికొచ్చే అనుభవం సంపాదించిన ఆ అథారిటీని మాత్రం 2024లోనే వేరే శాఖలో కలిపేశారు. మనుషుల పరిచయాలు, ఫోను నంబర్లు, ఎవరింట్లో ఏం ఇబ్బంది ఉందో తెలిసిన గుమాస్తాలు, ఇవన్నీ ఎనిమిదేళ్లలో కూడబెట్టి, అసలు అవసరం ముందున్నప్పుడు చెదరగొట్టుకోవడం ఎందుకు? గ్రాంటుకు గడువుంటుంది, గడువు ముగిసింది.

రెండోది జర్మనీలోని రూర్ ప్రాంతం. అక్కడ బొగ్గు సంక్షోభం 1958 ప్రాంతంలో మొదలైంది. ఆఖరి బొగ్గు గని, బోట్రాప్ పట్టణంలోని ప్రోస్పర్-హానియెల్, 2018 డిసెంబరు 21న మూతపడింది. అరవై ఏళ్లు దించారు. ఒక్క తరాన్నీ ఉన్నపళంగా రోడ్డున పడేయకుండా, యాభై దాటిన భూగర్భ కార్మికులకు పింఛను వచ్చేదాకా వారధి భత్యం ఇస్తూ దించారు. దానికి సబ్సిడీ విపరీతంగా పోశారు. అంత పోయాల్సిందా అని జర్మన్లే ఇప్పటికీ వాదించుకుంటారు.

రూర్‌లో బోఖుమ్ అని ఒక ఊరుంది. 1960ల్లో ఆ ఊరికి రెండు వచ్చాయి. ఒకటి, మూతపడిన గని స్థలంలో 1962లో మొదలైన ఓపెల్ కార్ల ఫ్యాక్టరీ. గని పోతే ఫ్యాక్టరీ వచ్చిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రెండోది, 1965లో తరగతులు మొదలుపెట్టిన రూర్ విశ్వవిద్యాలయం. అంత జనం, అంత పరిశ్రమ ఉన్న రూర్‌లో అదివరకు విశ్వవిద్యాలయమే లేదు, కార్మికుల పిల్లలకు అంత చదువెందుకన్నట్టు. ఓపెల్ ఫ్యాక్టరీని 2014 డిసెంబరులో మూసేశారు. కంపెనీ లెక్కలు మారాయి, వెళ్లిపోయింది. విశ్వవిద్యాలయం ఉంది, వేలమందికి జీతాలిస్తోంది, పదుల వేలమంది విద్యార్థులు ఆ ఊళ్లో అద్దెలు కడుతూ, టీలు తాగుతూ తిరుగుతున్నారు. మన దగ్గర పరిశ్రమ కోసం భూమి, కరెంటు, పన్ను రాయితీ ఇస్తామని పోటీపడే ప్రభుత్వాలు ఏటా జీతాలిచ్చి ఒక సంస్థను అరవై ఏళ్లు నిలబెట్టడాన్ని దండుగ ఖర్చు కింద రాసుకుంటాయి. బోఖుమ్‌లో నిలిచింది ఆ దండుగ ఖర్చే.

రూర్‌లో ఇంకో ఏర్పాటు ఉంది, నా వాదనకు అదే వెన్నెముక. వందల ఏళ్లు తవ్వగా అక్కడ నేల కుంగింది. గనుల్లోకి ఊరే నీళ్లను తోడుతూనే ఉండాలి, లోతట్టు ప్రాంతాల నీళ్లను ఎత్తిపోస్తూనే ఉండాలి. పంపులు ఆగితే ఊళ్లు చెరువులవుతాయి. ఈ పనికి ముగింపు తేదీ లేదు. జర్మన్లు దీన్ని శాశ్వత భారంగా ఒప్పుకుని 2007లో ఆర్ఏజీ ఫౌండేషన్ అనే సంస్థ పెట్టారు. బొగ్గు సంస్థకు చెందిన రసాయనాల కంపెనీ వాటాలు దాని చేతిలో పెట్టారు. వాటి మీద వచ్చే రాబడితో 2019 నుంచి ఏటా 20 కోట్ల యూరోలకు పైబడి పంపులకు ఖర్చు పెడుతున్నారు. బడ్జెట్‌తో పని లేదు, యూసీతో పని లేదు, మంత్రి మారినా పంపు ఆగదు.

నీళ్లు తోడడం ఎప్పటికీ ఆగని పని అని ఒప్పుకోగలిగినప్పుడు, సిలికోసిస్ వచ్చిన ఊపిరితిత్తులను చూసే డాక్టరు కూడా ఆగకూడని పనే అని ఎందుకు ఒప్పుకోలేం?

ఈ సభనే చూడండి. సారు శిష్యులు తలా కొంత కలిపి బ్యాంకులో వేసిన చిన్న మొత్తం, దాని వడ్డీతో హాలు అద్దె, టీ, నా బస్సు చార్జీ. అసలు ముట్టుకోరు. అందుకే ప్రతి ఏడూ ఎవరినీ దేబిరించకుండా సభ జరుగుతోంది. జిల్లా ట్రస్టు 10 కోట్లు పక్కన పెట్టిందనుకుందాం. 7 శాతం వడ్డీ అయితే ఏటా 70 లక్షలు. ధరల పెరుగుదలకు 15 లక్షలు అసలుకే కలిపేయండి. మిగిలిన 55 లక్షల్లో నెలకు లక్షన్నర మీద ఒక డాక్టరు, 35 వేల చొప్పున ముగ్గురు నర్సులు, 30 వేల మీద ఒక ల్యాబ్ టెక్నీషియన్ అంటే ఏడాదికి 34 లక్షల 20 వేలు. మరో 20 లక్షలు మందులకూ అంబులెన్సుకూ ఉంటాయి. ఇది ఊహాలెక్కే, వడ్డీ రేటు తగ్గితే మారుతుంది. కానీ అదే 10 కోట్లతో ఎన్ని కిలోమీటర్ల సీసీ రోడ్డు పడుతుందో ఇంజినీర్లనడిగి, ఆ రోడ్డు ఎన్ని వానాకాలాలు తట్టుకుంటుందో కూడా అడగండి.

2024 మార్గదర్శకాల్లో దీనికి ఒక చిన్న కిటికీ తెరిచారు. ఏటా 10 కోట్లకు మించి వచ్చే ట్రస్టులు రాబడిలో 10 శాతం దాటకుండా మూలనిధిగా పెట్టుకోవచ్చు, గనులు ఆగిపోయిన చోట బతుకుతెరువుకు వాడవచ్చు అన్నారు. పది శాతం నాకు చాలదు. అయినా కిటికీ కిటికీయే. మన కోల్‌బెల్ట్ జిల్లాల సమావేశాల్లో రోడ్ల మంజూరు మీద జరిగే చర్చలో పదోవంతు ఈ కిటికీ మీద జరిగితే బాగుండును.

అభ్యంతరాలున్నాయి, వాటిని దాటవేయను. జీతాలకు ఇస్తే ఎమ్మెల్యే మనుషులతో నింపుతారంటారు. నిజమే, నింపుతారు. అయితే రోడ్డు కాంట్రాక్టులు ఎవరి మనుషులకు పోతున్నాయి? ఛత్తీస్‌గఢ్‌లో దంతెవాడ, బీజాపూర్ జిల్లాలు డీఎంఎఫ్ డబ్బుతో ఎక్కువ జీతాలిచ్చి అడవి ప్రాంతానికి వైద్యులను రప్పించుకున్నాయి. ఎవరూ వెళ్లని చోటికి డాక్టర్లు వెళ్లారు. అదే రాష్ట్రంలో డీఎంఎఫ్ కాంట్రాక్టుల మీద ఈడీ కేసూ నడుస్తోంది. డబ్బు దేనికి ఇచ్చినా దొంగలుంటారు. పనికి రాని నర్సును ఊరు గుర్తుపడుతుంది, నిలదీస్తుంది. సిమెంటులో ఇసుక ఎంత కలిసిందో ఊరికి తెలిసేసరికి యూసీ వెళ్లిపోయి ఉంటుంది.

రెండో అభ్యంతరం నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఏటా సర్కారు చేతిమీద బతికే ఏర్పాటు సర్కారు చేయి తీసేస్తే కూలుతుంది కదా అని. సిరిసిల్ల చూడండి. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డరు మరమగ్గాలకు పని పెట్టింది. గ్రాంటు కాదది, పనికి కూలి. నేతన్న తలెత్తుకునేలా ఇచ్చిన సాయం. 2024లో కొత్త ప్రభుత్వం ఆ పథకం ఆపింది, మగ్గాలు ఆగాయి, తర్వాత మహిళా సంఘాల చీరల రూపంలో మళ్లీ ఆర్డర్లొచ్చాయి. మధ్య ఖాళీలో ఆ కుటుంబాలు పడ్డ పాట్లు మీరు పేపర్లలో చదివారు. ఒక ఆర్డరు మీద, ఒక ప్రభుత్వం మీద ఊరు ఆధారపడటం ఒక గని మీద ఆధారపడటం లాంటిదే. అందుకే ఏటా వచ్చే గ్రాంటు వద్దంటున్నాను, అసలు కదలని మూలనిధి కావాలంటున్నాను. దానిలోనూ ప్రమాదముంది. కూడబెట్టిన నిధిని చూస్తే ప్రభుత్వాలకు చేయి దురద. 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు ట్రస్టుల నిల్వల్లో 30 శాతం దాకా వాడుకోనిచ్చారు, అది ఆపద్ధర్మం. కానీ తర్వాత 2021 జూలైలో ఈ సొమ్మును రాష్ట్ర ఖజానాకో ముఖ్యమంత్రి సహాయ నిధికో మళ్లించకూడదని కేంద్రం ఆదేశం ఇవ్వాల్సి వచ్చింది. ఎందుకు ఇవ్వాల్సి వచ్చిందో మీరే ఊహించుకోండి.

ఆ ఆదేశమిచ్చిన కేంద్రం సంగతీ చెప్పాలి కదా. 2010లో బొగ్గు మీద టన్నుకు 50 రూపాయల సెస్సు వేసి, స్వచ్ఛ ఇంధన నిధి అని పేరు పెట్టారు. 2016 నాటికి దాన్ని 400 చేశారు. 2017-18 దాకా వసూలైంది 86 వేల కోట్లకు పైన, అందులో ఆ నిధికి చేరింది 30 వేల కోట్ల లోపు, నిధి నుంచి నిజంగా పనులకు వెళ్లింది 16 వేల కోట్ల లోపు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక ఆ 400 రూపాయలు రాష్ట్రాల నష్టపరిహారానికి పోయాయి. 2025 సెప్టెంబరులో ఆ సెస్సు ఎత్తేసి బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతం చేశారు. సింగరేణి తీసే 7 కోట్ల టన్నుల మీద టన్నుకు 400 అంటే ఏడాదికి 2,800 కోట్లు. బొగ్గు నుంచి బయటపడే దారి వేయడానికని మొదలైన సొమ్ములో బొగ్గు తీసిన ఊళ్లకంటూ ఒక పద్దు ఏనాడూ లేదు. అది కరెంటు బిల్లు కట్టిన ప్రతివాడి డబ్బు. అందుకే పరివర్తనకు డబ్బు లేదు అని ఎవరైనా అంటే నాకు కోపం రాదు, నవ్వొస్తుంది.

ఇక అర్జీల సంగతికొస్తాను. ఆస్ట్రేలియాలోనైనా ఇక్కడైనా గ్రాంటు ఎవరికి దక్కుతుంది? దరఖాస్తు బాగా రాయగలిగినవాడికి. డీపీఆర్, అంటే ప్రాజెక్టు నివేదిక, తయారు చేయించడానికే లక్షలు కావాలి. ఆ లక్షలు ఉన్న సంస్థకు కోట్లు వస్తాయి. అవి లేని మహిళా సంఘం ఇంగ్లీషు ఫారం చూసి వెనక్కి తిరుగుతుంది. ఒంటరిగా అర్జీలు రాస్తూ కూర్చున్న మన సారు చేసిన పని ప్రభుత్వం చేయాల్సిన పని. ప్రతి ప్రభావిత మండలంలో జనం తరఫున కాగితం రాసి, దాన్ని తరిమి, ఎక్కడ ఆగిందో చెప్పే ఒక జీతగాడు ఉండాలి. ట్రస్టు పరిపాలన ఖర్చుల్లో అతని జీతం ఓ మూలకు సరిపోతుంది.

9బి సెక్షనులోనే ఇంకో మాట ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఈ నిధులకు నియమాలు చేసేటప్పుడు రాష్ట్రం రాజ్యాంగంలోని 244వ అధికరణాన్నీ, 1996 పెసా చట్టాన్నీ, 2006 అటవీ హక్కుల చట్టాన్నీ దృష్టిలో పెట్టుకోవాలి. మణుగూరు, ఇల్లందు వైపు చాలా పల్లెలు ఈ కోవలోవి. అక్కడ గ్రామసభ అడగదగ్గవి పెద్ద సిద్ధాంతాలు కావు. మా చుట్టూ 15 కిలోమీటర్లలో ఉన్న ఏ గని ఏ సంవత్సరంలో మూతపడుతుంది? ఆ రోజు నుంచి కంపెనీ నీళ్లు, కంపెనీ దవాఖాన ఎవరి చేతికి పోతాయి? వాటిని నడిపే మనుషులకు మొదటి అయిదేళ్లు జీతం ఏ పద్దులోంచి వస్తుంది? కొత్త మార్గదర్శకాల ప్రకారం ప్రతి ట్రస్టూ అయిదేళ్ల దీర్ఘకాల ప్రణాళిక తయారు చేయాలి. ఈ మూడు ప్రశ్నలకు జవాబులు ఆ ప్రణాళికలో రాయించాలి, గని ఇంకా బొగ్గు తీస్తుండగానే, రాయల్టీ ఇంకా పడుతుండగానే రాయించాలి. మూతపడ్డాక ట్రస్టుకు ఆ 42 రూపాయలు రావు.

నేను చెప్పదలచినవి అయ్యాయి. ఇక్కడ ఆర్థిక శాఖలో పనిచేసినవారూ ఉన్నారు, యూనియన్ నాయకులూ ఉన్నారు, నా లెక్కలతో విభేదించేవారు ఇద్దరు ముందు వరుసలోనే కనిపిస్తున్నారు. అధ్యక్షులు అనుమతిస్తే ముందు వారినే మాట్లాడమని కోరుతున్నాను.